వంద గంటలు

మూడు కాగితాలు ఒక దొంతి, మూలకు ఒక పిన్ను. వాండా సాద్లోస్కి కాగితాలను బల్లకేసి తట్టి సరిచేసి, కుడిచేతి మడమతో స్టేప్లరును నొక్కుతోంది. వేళ్లతో నొక్కలేదు, కణుపులు ఉబ్బిపోయి రెండేళ్లయింది. జిరాక్స్ గదికి కిటికీ లేదు. యంత్రం వేడికి చెమట పట్టి కళ్లద్దాలు జారుతుంటే మోచేత్తో పైకి నెట్టుకుంటోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఎనిమిదింటికి మొదలుపెట్టింది, ఇప్పుడు పదిన్నర.

ఈ బడిలోనే ముప్పై మూడేళ్లు మూడో తరగతికి పాఠాలు చెప్పింది. హార్లో మిల్స్ ఊళ్లో ముసలివాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఊరికి వంద గంటలు పనిచేస్తే ఇంటిపన్నులో పదిహేను వందల డాలర్లు తగ్గిస్తారు. కొందరు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతారు, కొందరు శ్మశానంలో గడ్డి కోస్తారు. వాండాను బడికి పంపారు. అందులో ఎగతాళేమీ లేదు, అలవాటైన చోటే కదా అనుకున్నారు. ఈ మధ్యాహ్నంతో ఆమె వంద గంటలూ పూర్తవుతాయి.

వాండా ఉంటున్నది, కాగితపు మిల్లులో పనిచేసిన భర్త లియో తన చేతులతో కట్టిన ఇల్లు. ఆయన పోయి పదకొండేళ్లు. బోస్టన్ నగరం నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి చెరువు చుట్టూ ఇళ్లు కొనడంతో ఊళ్లో ధరలు ఎగబాకాయి. వాండా ఇంట్లో ఏమీ మారలేదు, కప్పు కారడమూ మానలేదు. విలువ మాత్రం కాగితం మీద రెట్టింపైంది, దాంతోపాటు పన్నూ. పింఛను ఉన్నచోటే ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈరోజు ఓటింగు. బడికి డబ్బు చాలడం లేదు, పన్ను ఇంకా పెంచాలా వద్దా అని ఊరు తేల్చాలి. పెంచితే వాండా మీద ఏడాదికి మరో ఆరువందల నలభై డాలర్లు పడుతుంది. అది ఆమె వల్ల కాదు, ఇల్లు అమ్మాల్సిందే. పెంచకపోతే అందరికన్నా వెనక చేరిన టీచరు ఏవ్రిల్ బెస్సెట్ ఉద్యోగం పోతుంది. ఏవ్రిల్‌కి ఇది మూడో ఏడు. సెప్టెంబరులో నాలుగో ఏట అడుగుపెడితే కొలువు ఖాయమైపోతుంది, ఆపైన ఊరికే తీసేయలేరు. ఇందులో ఆ పిల్లకు ఓటు కూడా లేదు. టీచరు జీతానికి ఈ ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకదు కనుక నలభై మైళ్ల అవతల ఉంటోంది.

గోడ అవతల టీచర్ల గదిలోంచి ఏవ్రిల్ గొంతు వినిపించింది.

"ఈ ముసలాళ్లకేంటి, వాళ్ల పిల్లల చదువులైపోయాయి! ఇంకెవరెట్లా పోతే ఏం? పోయేటప్పుడు ఇళ్లు నెత్తిన పెట్టుకుపోతారా?"

ఆ వెంటనే కాగితాల కోసం తలుపు తోసుకుని లోపలికొచ్చి, వాండాను చూసి నిలబడిపోయింది. "అయ్యో టీచర్... మిమ్మల్ని కాదు."

"తెలుసులేమ్మా. ఇంద, ఇరవై రెండున్నాయి."

ఒకప్పుడు ఈ పిల్లకు తీసివేతలు నేర్పింది వాండాయే. కన్నపిల్లలు లేరామెకు. వాళ్ల పిల్లల చదువులైపోయాయన్న మాట ఎక్కడో కలుక్కుమంది. నిన్నటిదాకా అటూ ఇటూ ఊగిన మనసు అక్కడితో గట్టిపడింది. వద్దు అనే వేయాలి. ఎవరిల్లు వాళ్లకు ముద్దు.

పన్నెండింటికి గంటల కాగితం మీద సంతకం పెట్టి బడి వ్యాయామశాలకు వెళ్లింది. ఓటింగు అక్కడే. వరసలో ముందు గోర్డన్ నిలబడి ఉన్నాడు. రెండిళ్ల అవతలి మనిషి, పైపులు బిగించే పనిచేసి మానుకున్నాడు. పన్ను పెంచొద్దని ఊరంతా తిరుగుతున్నది అతనే.

"రా టీచరమ్మా, రా! మన ఓటొకటి పెరిగింది."

"నీకెట్లా తెలుసు?"

"తెలియడానికేముంది? పన్ను కట్టలేక పిన్నులు కొట్టుకుంటున్నావ్. ఈ టీచర్లకేం పుట్టి మునిగిందట? మూడింటికల్లా ఇంటికి, ఎండాకాలమంతా సెలవులు. ఏమనుకోకు గానీ, పిల్లకాయల్ని ఆడించినందుకు నిన్నూ ముప్పై మూడేళ్లు మేపాం కదా!"

వరసలో నవ్వులు. ఆ నవ్విన వాళ్లలో నలుగురికి చదవడం నేర్పింది ఆమే. గోర్డన్ కొడుక్కి అక్షరాలు తిరగబడి కనిపించేవి. రెండేళ్లపాటు తన మధ్యాహ్నం తిండి పక్కన పెట్టి వాడితో కూర్చుంది. ఆ సంగతి ఇతనికి గుర్తులేదా, గుర్తుండే అంటున్నాడా? వాండాకు ఒళ్లు మండిపోయింది.

తెర వెనక పెన్సిలు మొన విరిగేంత గట్టిగా, అవును దగ్గర గుర్తు పెట్టింది. గుమస్తా పిడి తిప్పితే ఓట్ల పాత చెక్కపెట్టె కాగితాన్ని మింగి టింగుమంది.

బయటికొచ్చాక భయం వేసింది. కోపంలో ఇల్లు పోగొట్టుకున్నానా అనుకుంది. ఎడమచెయ్యి బరువెక్కింది. గంటలైపోయాయి, ఇంటికి పోవచ్చు. కానీ ఆ ఇంటి ముఖం చూడబుద్ధి కాక మళ్లీ జిరాక్స్ గదికే వెళ్లింది.

మూడున్నరకు ఏవ్రిల్ క్షమాపణ చెప్పుకుందామని వచ్చింది. వాండా మోచెయ్యి మీద తల ఆనించి బల్ల మీదకు ఒరిగి ఉంది. పిలిస్తే పలకలేదు. చెంప తాకితే చల్లగా తగిలింది.

రాత్రి ఎనిమిదికి ఓట్ల లెక్క చదివారు. అవును మూడువందల తొంభై రెండు, వద్దు నాలుగువందల పదకొండు. అంత్యక్రియల దగ్గర గోర్డన్ టోపీ తీసి, "పాపం, పోతూ పోతూ మనకో ఓటేసి పోయింది" అన్నాడు. నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. పక్కనే ఉన్న ఏవ్రిల్‌కి కాదని అరవాలనిపించింది, భుజానున్న సంచిని దగ్గరికి అదుముకుంది.

ఆరోజు వాండా చేతికింద దొరికినది ఆ సంచిలోనే ఉంది. తరగతి తలుపుకు తగిలించే అట్టముక్క, పైన ప్లాస్టిక్ పొర అతికించి ఉంది. వాండా చేతి గుండ్రటి అక్షరాల్లో "మిస్ బెస్సెట్, మూడో తరగతి", కింద వచ్చే విద్యాసంవత్సరం. పిల్లల వేళ్లకు గుచ్చుకోకుండా మూడు మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. నాలుగోది ఇంకా పదునుగానే ఉంది.