అలసిపోని చేతులు

ఆసుపత్రిలో అత్యవసర విభాగం తలుపు దగ్గర కాపలా ఉండేవాణ్ణి అందరూ బక్కయ్య అనేవారు. మనిషి అలాగే ఉండేవాడు, గట్టిగా తుమ్మితే పడిపోయేలా. ఒక వాన మధ్యాహ్నం, రోడ్డు ప్రమాదంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న టైర్ల షాపతను డాక్టరు గొంతు పట్టుకోబోతే బక్కయ్య అడ్డం వెళ్ళాడు. వెళ్ళిన పాపానికి మొహం మీద ఒకే ఒక్క గుద్దు. మూతి పగిలి, తడి గచ్చు మీద బోర్లా పడ్డాడు. టైర్ల షాపతను అతని వీపు మీద బూటుకాలు మోపాడు.

"లేవరా చూద్దాం! లే!"

బక్కయ్య రెండు చేతులూ నేలకానించి లేవబోయాడు. చేతులు గడగడా వణికాయి తప్ప ఛాతీ గచ్చును వదల్లేదు. చుట్టూ నర్సులూ రోగులూ చూస్తూనే ఉన్నారు.

దెబ్బలు మానాయి. ఆ చూపులు మానలేదు.

అతను ఉండేది అక్క ఇంట్లో. ఆమె అదే ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. బిగుసుకుపోయిన భుజాలను కదిలించడం, విరిగి అతుక్కున్న కాళ్ళను నడిపించడం ఆమె పని. తమ్ముడు చాప పరిచి పుషప్‌లు మొదలుపెట్టాడని తెలిసి సంబరపడింది.

"ముందు గోడకి చేతులానించి చెయ్యి. తర్వాత మోకాళ్ళ మీద. నేల సంగతి ఆ తర్వాత. ఒకరోజు చేస్తే మర్నాడు మానెయ్యాలి, తెలిసిందా?"

"గోడని తోస్తే వాడు పడతాడా అక్కా?"

ఆమె మాట పెడచెవిన పెట్టి నేల మీదే మొదలుపెట్టాడు. కిందికి వంగిన ప్రతిసారీ చాప మీద టైర్ల షాపతని మొహం కనిపించేది. పళ్ళ బిగువున తోసేవాడు. ఛాతీ మండితే ఇంకా కసిగా తోసేవాడు. విశ్రాంతి అన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. చివరికి ఒక ఉదయం మోచేతులు మడత పడలేదు. భుజాలు ఉబ్బి చొక్కా ఎక్కలేదు. మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చింది. అక్క ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించింది.

"కోపం వాడి మీదా, నీ ఒంటి మీదా? ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు పోయేవిరా! చిరిగిన కండని అతుక్కోనివ్వాలి. అది గట్టిపడేది నువ్వు తోసేటప్పుడు కాదు, కాళ్ళు చాపుకుని పడుకున్నప్పుడు."

"పడుకుంటే ఆ బూటే గుర్తొస్తోందక్కా."

ఆమె అతని మోచేతులు మెల్లగా నిమిరింది.

పూర్తిగా కోలుకున్నాక ఆమె చెప్పినట్టే చేశాడు. గోడ, మోకాళ్ళు, నేల. ఒళ్ళు పట్టేసిన రోజు చేతులు ఊపుకుంటూ నడక. కీలులో సూదిలా పొడిస్తే అక్కడితో ఆపెయ్యడం. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర. నెలలు గడిచేసరికి చొక్కా భుజాల దగ్గర పిగిలింది. "ఇక నిన్ను బక్కయ్యా అని పిలవాలంటే దూరంగా నిలబడే పిలవాలి బాబూ," అని నర్సులు ఆటపట్టించారు.

ఒకరోజు పుషప్‌ల మధ్యలో, "అక్కా, వీపు మీద కాలుపెట్టి తొక్కు," అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "అందుకట్రా ఇదంతా? నేను తొక్కను."

తొక్కలేదు. అతను ఇసుక సంచి పెట్టుకున్నాడు.

టైర్ల షాపతను మళ్ళీ వచ్చాడు. ఈసారి గుండెనొప్పితో ఉన్న తల్లిని తీసుకొచ్చాడు. మంచం ఖాళీ అయ్యేదాకా ఆగమన్న నర్సు చెంప ఛెళ్ళుమనిపించాడు. మందుల అద్దాల బీరువాను ఒక్క తన్ను తన్నాడు. గచ్చంతా గాజుపెంకులు. బక్కయ్య పరుగున వచ్చి పట్టుకోబోయాడు. కణత మీద దెబ్బ తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. పెంకుల మీద పడ్డాడు. వీపు మీద అదే బూటు.

అరచేతుల్లో గాజు దిగుతున్నా తోశాడు. లేచాడు. టైర్ల షాపతను వెల్లకిలా పడ్డాడు.

అక్కడితో సరిపోయేది. కానీ బక్కయ్య అతని ఛాతీ మీదెక్కి కూర్చున్నాడు. మొదటి గుద్దుకు ముక్కు చితికింది. తర్వాతిదానికి దవడలో ఏదో పటుక్కుమంది. నెత్తురు ఎవరిదో తెలియకుండా అతని పిడికిళ్ళూ ఆ మొహమూ ఒక్కటయ్యాయి.

"చాలన్నా! తప్పయిందన్నా!"

పిడికిలి లేస్తూనే ఉంది, మొదట్లో ఉన్న ఊపుతోనే. ఇద్దరు వార్డుబాయ్‌లు లాగినా విదిలించేశాడు. అక్క పరుగెత్తుకొచ్చి, వేరే దారి లేక, కిందపడ్డ మనిషి మీదికి ఒరిగిపోయింది. వస్తున్న గుద్దు ఆగలేదు. ఆమె మెడకింది ఎముక విరిగిన చప్పుడు విన్నాకే అతని చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

టైర్ల షాపతని కుడికన్ను పోయింది. తల్లి బతికింది. బెయిలు మీద బయటికొచ్చిన తమ్ముడికి అక్క తలుపు తీసింది. ఆమె చెయ్యి మెడకు కట్టిన పట్టీలో వేలాడుతోంది.

"వాడు చాలన్నాడు కదరా. నీకు వినపడలేదా?"

"వినపడిందక్కా."

"మరి?"

"చేతులు అలిసిపోలేదు."

"ఆపడానికి అలిసిపోవాలట్రా?"

కోపంతో ఒళ్ళు తెలియలేదని చెప్పమన్నాడు లాయరు. అతను అలా చెప్పలేదు. అంతా తెలుస్తూనే ఉందనీ, చాలన్న మాట వినపడిందనీ చెప్పాడు. శిక్ష పడింది.

పోలీసులు వ్యాను ఎక్కించాక కిటికీలోంచి చూశాడు. కోర్టు మెట్ల మీద టైర్ల షాపతని తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది. మంచినీళ్ళ సీసాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, విరిగిన ఎముక ఇంకా సరిగ్గా అతుక్కోక, ఒంటి చేత్తో మూత తియ్యడానికి తంటాలు పడుతోంది. ముసలామె కాసేపు చూసింది. తర్వాత సీసా లాక్కుని, మూత తీసి, ముందు అక్కకే ఇచ్చింది. వ్యాను కదిలింది.