రుజువు లేని రేపు

శనివారం పొద్దున్నే ఆడమ్ లోగీ ఆరంతస్తులెక్కి, వగరుస్తూ వంటమనిషి గ్రిజెల్ టెయిట్ వంటింట్లోకి వచ్చి పడ్డాడు. ఎడింబరోలో రొట్టెలు కాల్చడం ఆయన వృత్తి. చర్చి సంఘ పెద్దగా ఇంటింటికీ తిరిగి సీసపు బిళ్ళలివ్వడం ఆయన గొప్ప. ఆ బిళ్ళ లేనివాళ్ళని మర్నాడు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు. ఇరవై రెండేళ్ళలో గ్రిజెల్‌కి ఆ బల్ల ఒక్కసారీ తప్పలేదు.

ఈసారి బిళ్ళ ఆయన పిడికిట్లోనే ఉండిపోయింది. దేవుడి మహిమల మీద సందేహాలు రాసి అచ్చేయించే మనిషికి వండిపెట్టే ఆడది బల్లకు తగదట. కొలువు మానేస్తే ఇప్పుడే ఇస్తాడట.

ఆ మనిషి నినియన్ మౌబ్రే. పక్కగదిలో రాసుకుంటున్నాడు. కళ్ళతో చూడనిదే దేన్నీ ఒప్పుకోడు, చూసినదాన్నీ పూర్తిగా ఒప్పుకోడు. నిన్న తలకాయ పులుసు కడుపు నింపిందని ఇవాళా నింపుతుందనడానికి రుజువేమిటని ఓసారి అడిగితే, అయితే మానేసి చూడండని గ్రిజెల్ గిన్నె లాగేసుకుంది. ఆ పూట తత్వశాస్త్రం చప్పున దారికొచ్చింది.

"మా అయ్యగారు చెడ్డవారని మీకెవరు చెప్పారు?" అంది గ్రిజెల్.

"ఊరంతా అంటోంది. నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా," అన్నాడు లోగీ.

"ఈ ఊళ్ళో పొగకేం కొదవ? అది మా పొయ్యిదేనని ఎలా పోల్చారు? మీరు కళ్ళారా చూసింది చెప్పండి. మొన్న చలికాలం నా కాలు విరిగితే ఇన్ని మెట్లూ నీళ్ళు మోసిందెవరు? పక్కకి తప్పుకుని ఆయనకి దారిచ్చింది మీరే కదా?"

లోగీ మెడ గోక్కున్నాడు. చూసిన మాట నిజమే. ఇన్నేళ్ళు మంచిగా ఉన్న మనిషి రేపూ అలాగే ఉంటాడని గ్రిజెల్ ఇంకాస్త బిగించింది.

అక్కడితో ఆగితే బిళ్ళ వచ్చేసేదే. కానీ తప్పు వాదన చెవిన పడితే మౌబ్రేకి నోరు ఊరుకోదు, అది తన మేలు కోరి చేసిందైనా సరే. విగ్గు సర్దుకుంటూ వచ్చి, నిన్నటి మంచితనం రేపటికి రుజువు కాదని లోగీ తరఫున ఓపిగ్గా వివరించాడు. ఆయనే తన నోటితో ఒప్పుకున్నాడంటూ లోగీ బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

గ్రిజెల్ ఏడవలేదు గానీ, రేపటి కోసం తీసిపెట్టుకున్న బట్టలు మడిచి మళ్ళీ పెట్లో పెట్టేసింది. తన తెలివి ఎంత పని చేసిందో మౌబ్రేకి అప్పుడు తెలిసింది.

"లోగీ గారూ, ఈ క్షణం నుంచి ఈవిడ నా కొలువులో లేదు," అన్నాడు. "బిళ్ళ ఇచ్చెయ్యండి. ఆ బల్ల సంగతి నాకు తెలీదు. దానికోసం ఈవిడ ఎంతలా ఎదురుచూస్తుందో మాత్రం చూశాను."

గ్రిజెల్‌కి ఒళ్ళు మండింది. తన కొలువు సంగతి తనని అడగకుండానే ఇద్దరు మగాళ్ళు తేల్చేస్తున్నారు.

"నేను మానను," అంది. "లోగీ గారూ, ఇప్పుడు మీ కళ్ళు ఏం చూశాయో చెప్పండి. నా బల్ల కోసం తన కూడు వదులుకున్న మనిషిని చూశాయా, లేదా?"

లోగీ కటువైనవాడే గానీ అబద్ధమాడే మనిషి కాదు. బిళ్ళ తీసి ఉప్పు గిన్నె పక్కన పెట్టి, మెట్లు దిగాడు.

మౌబ్రే గుమ్మంలోంచి కదల్లేదు. మళ్ళీ విగ్గు సర్దుకున్నాడు.

"రేపు చర్చి నుంచి ఇక్కడికే వస్తావుగా, గ్రిజెల్?"

"రుజువేం లేదయ్యగారూ," అంది ఆమె బిళ్ళ జేబులో వేసుకుంటూ. "ఆకలి మాత్రం ఉంచుకోండి."