మార్చని పైపు

రేడియేటర్ మూత తీసే ముందు పైన ఉన్న పైపు మీద అరచెయ్యి ఆనించి చూశాడు యేసురాజు. చల్లగానే ఉంది. ఆగిపోయిన కారుని తాడు కట్టి ట్రాక్టరుతో ఎ.కొండూరు నుంచి ఈడ్చుకొచ్చారు, చల్లారక ఏం చేస్తుంది? అయినా తడిగుడ్డ మడిచి మూత మీద వేశాడు. మొహం పక్కకు తిప్పుకుని, మూత సగం తిప్పి ఆగాడు. బుస్సుమనలేదు. అప్పుడు పూర్తిగా తీశాడు. ముప్పై ఏళ్ల కిందట బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుంటూ ఒక్కసారి తొందరపడితే ఎడమ ముంజేతి చర్మం ఉల్లిపొరలా ఊడొచ్చింది. ఆనాటి నుంచి మూతల విషయంలో అతనంత పిరికివాడు తిరువూరు మొత్తంలో లేడు.

లోపల చుక్క నీళ్లు లేవు. వంగి చూశాడు. చూడకముందే తెలుసు. కింది పైపు పొడుగునా చీలిపోయి ఉంది.

కారు జగన్నాథరావు మాస్టారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక కొనుక్కున్న పాత తెల్లకారు. పొద్దున ఆరింటికి మాస్టారికి ఆయాసం ముంచుకొచ్చింది. తమ్ముడి మనవడు, బ్యాంకులో పనిచేసే విశ్వతేజ, ఆయన్నీ ఆయన భార్య సరోజినీదేవి గారినీ ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాడు. ఎ.కొండూరు దాటగానే బానెట్టులోంచి ఆవిరి లేచింది. 108 వచ్చేదాకా నలభై నిమిషాలు రోడ్డు పక్కనే ఉన్నారు. దంపతులిద్దరూ అందులో వెళ్లారు, విశ్వతేజ కారుతో వెనక్కి వచ్చాడు.

తాళం చేతిలో పెడుతూ విశ్వతేజ అన్న మాట యేసురాజు చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

"వేడి చూపించే ముల్లు పైకెళ్తోంది, ఆపుదాం తాతయ్యా అన్నానండి రాజు గారూ. 'పైపులు మన రాజు మార్చాడురా, భయం లేదు, పోనీ' అన్నారు. అంత ఆయాసంలోనూ అదే మాట."

యేసురాజు తాళం తీసుకుని బానెట్టు ఎత్తాడు. అతను పైపు మార్చలేదు.

పోయిన ఉగాది ముందు రోజు జరిగిందది. మర్నాడు అమ్మగారికి విజయవాడలో కంటి ఆపరేషను. కింది పైపు ఉబ్బి మెత్తబడింది. సాయంత్రం బస్సు పార్సిల్లో కొత్తది వచ్చింది గానీ, దాని వంపు వేరే కారుది. "ఇవాళ కాదండీ" అంటే సరిపోయేది, మాస్టారు ఇంకో బండి మాట్లాడుకునేవారు. కాని షెడ్డులో బల్ల మీద కూర్చుని ఆయన అప్పటికే పక్కవాళ్లతో, "రాజు మాటంటే మాటే" అంటున్నారు. మునగచెట్టు ఎక్కినవాడికి దిగడం కష్టం. పైగా యేసురాజుకి ఉన్నదల్లా ఆ మాటే. సొంత షెడ్డు లేదు, సొంత ఇల్లు లేదు, అద్దె షెడ్డు మీది బోర్డులో పేరు కూడా వెలిసిపోయింది.

పైపు నొక్కి చూశాడు. ఇంకో నెల ఆగుతుందిలే అనుకున్నాడు. "అయిపోయిందండీ" అన్నాడు. పాతది ఇమ్మన్నారు మాస్టారు. తీసేసిన సామాను యజమాని చేతికివ్వడం ఆ షెడ్డులో ఆనవాయితీ, ఆ ఆనవాయితీ పెట్టిందీ యేసురాజే. తుక్కులో ఎవరిదో జీపు పైపు కనిపిస్తే, తీసి పేపర్లో చుట్టి ఇచ్చాడు. పైపు ఖరీదు మాత్రం వద్దన్నాడు. అదీ అతని మంచితనమే అనుకున్నారు మాస్టారు.

ఆపరేషనుకి వెళ్లి క్షేమంగానే తిరిగొచ్చారు. అదే కొంప ముంచింది. రెండు రోజులకి సరైన పైపు వస్తే, కవరు మీద 'మాస్టారు' అని రాసి పై అరలో పెట్టాడు. కారు అడిగితే అబద్ధం బయటపడుతుందని పదకొండు నెలలు అక్కడే ఉంచేశాడు. ఒకసారి కారు చూస్తానండీ అందామని వాళ్లింటికి వెళ్లాడు కూడా. మాస్టారు గేటు దగ్గరే సంచి నిండా రసాలు పోసిచ్చారు. ఆ సంచి మోసుకుని, నోరు మెదపకుండా వచ్చేశాడు. పళ్లు చక్కెరలా ఉన్నాయంది భార్య కరుణశ్రీ. అతను ఒక్కటీ ముట్టలేదు.

ఇప్పుడు ఆ కవరు దించాడు. దుమ్ము దులిపాడు.

ముందు బ్యాటరీ తీగ విప్పాడు. ఫ్యాను ఉన్నట్టుండి తిరిగితే వేళ్లు పోతాయి. కింద తొట్టి పెట్టాడు. చీలిన పైపు మూతికి కరుచుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే రేడియేటర్ మూతి విరుగుతుంది, అందుకని బ్లేడుతో పొడుగునా కోసి, తొక్క ఒలిచినట్టు ఒలిచాడు. మూతిని గరుకు కాగితంతో రుద్ది తుడిచాడు. కొత్త పైపు చివర నీళ్లతో తడిపి లోపలిదాకా తోశాడు. క్లిప్పుని అంచు నుంచి వేలెడు లోపలికి జరిపి, రబ్బరు తెగనంత మాత్రమే బిగించాడు. కూలెంటు పోస్తూ, గాలి పోయేలా పైపుని నొక్కి వదిలాడు. బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి, బండి స్టార్టు చేసి, ఇంజను వేడెక్కి ఫ్యాను తిరిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. చల్లారాక క్లిప్పుల్ని మళ్లీ చూశాడు. ఇంజనులో మిగిలి తొట్టిలోకి కారిన కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగి చస్తాయి. డబ్బాలో పోసి మూత బిగించాడు.

అంతా కలిపి గంటన్నర పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తిని మూసేశాడు. ఫోను చేద్దామని రెండుసార్లు తీశాడు. మాస్టారు ఇంటికి రానీ, మంచం పక్కన నిలబడి అంతా చెప్పేస్తా అనుకున్నాడు. కొడితే కొడతారు. బతికి వస్తే చాలు ప్రభువా అని కళ్లు మూసుకున్నాడు.

నాలుగింటికి విశ్వతేజ బైకు మీద వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తాతయ్య పోయారండి. రెండింటికి. గంపలగూడెం వెళ్లి చుట్టాల్ని తీసుకురావాలి. కారు అయిందా?"

"అయింది బాబూ."

"మళ్లీ ఆగదుగా?"

ఆ షెడ్డులో అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. యేసురాజు చేతిలోని గుడ్డ నలిపాడు.

"ఆగదు. పైపు ఇవాళ మార్చాను. ఉగాదికి మార్చలేదు బాబూ. మార్చానని మాస్టారికి అబద్ధం చెప్పాను."

విశ్వతేజ కారు వైపు తిరిగాడు.

"ముందొస్తే బతికేవారా అని ఫోన్లో డాక్టర్ని అడిగాను. చెప్పలేం అన్నాడు. కారు ఆగిందని రాజు ఎంత బాధపడతాడో అంటోంది నానమ్మ పొద్దుట్నుంచీ. ఆవిడకి నువ్వే చెప్పుకో. నావల్ల కాదు."

అప్పటిదాకా 'గారూ' అని పిలిచినవాడు. ఆ మార్పు యేసురాజుకి న్యాయంగానే అనిపించింది.

"చెప్తాను" అన్నాడు.

చుట్టాల సామాను కోసం విశ్వతేజ డిక్కీ ఖాళీ చేశాడు. పాత గొడుగు, నీళ్ల సీసా, ఒక పేపరు పొట్లం బల్ల మీద పెట్టి, తాళం తీసుకుని వెళ్లిపోయాడు. కారు నిలబడిన చోట నేల మీద ఒక్క చుక్క లేదు.

యేసురాజు పొట్లం విప్పాడు. పేపరు ఉగాది ముందునాటిది. లోపల జీపు పైపు. దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు: 'కింది పైపు. రాజు మార్చాడు. రెండేళ్ల దాకా చూడక్కర్లేదు.'

పైపు మీద మడ్డి మరక ఒక్కటీ లేదు. మాస్టారు దాన్ని కడిగి, ఆరబెట్టి, దాచుకున్నారు.