రెండు కళ్ళూ ఆర్పండి

అయినా ఫోనే ప్రోగ్రాం రాసి ఇచ్చేస్తూంటే ఇంక నువ్వు పిల్లలకి నేర్పడానికి మిగిలిందేటి అని పొద్దున్న ఇడ్లీ తుంపుతూ శరత్ బాబు అన్న మాట మందులషాపు పక్కన మేడమెట్లు ఎక్కుతూంటే దొర్కాకి మళ్ళీ గుచ్చుకుంది, తన మొగుడని కాదు గానీ ఆ మనిషికి ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంటుంది, ఆన్‌లైన్ బ్యాంకుని చచ్చినా నమ్మడు, రైలు టికెట్ మాత్రం ఫోన్లో తప్ప కొనడు, పిల్లలు ఫోన్లు చూసి పాడైపోతున్నారన్న సంగతి కూడా ఫోన్లో వీడియో చూసే చెప్తాడు, ఆమె మాత్రం నేర్చుకున్నవాడికి యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలుస్తుందండీ అంది, తెలిస్తే ఏటి అన్నాడు, చట్నీ వేసుకున్నాడు, జేకేపూర్ ఆఫీసు బస్సుకి వేళైందని లేచిపోయేడు, ఆ తెలిస్తే ఏటి అన్నది మాత్రం ఇడ్లీ పళ్ళెంలో ఉండిపోకుండా ఆమెతో పాటు రిక్షా ఎక్కి రాయగడ బజారంతా దాటి ఇక్కడిదాకా వచ్చింది, గాలి ఇవాళ జేకేపూర్ కాయితం మిల్లు వైపునుంచి వీస్తున్నట్టుంది, ఉడికిన క్యాబేజీ వాసన మెట్లమీద కూడా, ఈ ఊరికి కాపరానికొచ్చిన కొత్తలో వాంతి వచ్చేది, ఇప్పుడు ఆ వాసన లేని రోజునే ఏదో తక్కువైనట్టుంటుంది.

మేడ మీద తన కంప్యూటర్ క్లాసు గది తలుపు తీసి, ఫ్యాన్ వేసి, కంప్యూటర్ల మీద దుప్పటి గుడ్డలు తీస్తూ, బోర్డు మీద నిన్నటి పాఠం చెరపకుండానే ఉంచేసింది, అండ్ ఒకవైపు, ఆర్ ఒకవైపు, రెండూ నిజమైతేనే లోపలికి రానిచ్చేది అండ్, ఏ ఒక్కటి నిజమైనా చాలనేది ఆర్, పెళ్ళి భోజనానికి పిలుపూ ఆకలీ రెండూ ఉండాలంటే అండ్, ఏదో ఒకటి ఉంటే చాలంటే ఆర్ అని చెప్తే మా ఇంట్లో ఎప్పుడూ ఆరే మేడమ్ అని అమ్మడు అంది, గదంతా నవ్వేరు, ఆ పిల్ల నవ్వు మరీ పెద్దది, ఆ పిల్లే కదా మౌస్ పట్టుకోడం రాని చేత్తో మొదలెట్టి ఇప్పుడు మిగతావాళ్ళ తప్పులు కుర్చీ వెనక నిలబడి పట్టేస్తోంది, మునిసిపాలిటీ వీధులూడ్చే వాళ్ళింటి పిల్లకి ఈ చదువెందుకని ఎవరో అంటే ఆ తండ్రి మా అమ్మి కుర్సీలో కూకుని పని సెయ్యాల అన్నాడట, కానీ అమ్మడు ఇవాళ ఇంకా రాలేదేటి, ఎప్పుడూ తాళం తీసేసరికి మెట్లమీద కూర్చునుండే పిల్ల, అనుకుంటూండగానే మెట్లమీద చెప్పుల చప్పుడు, రెండు జతలు, ముందు అమ్మడు, వెనక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఒక మగమనిషి, మా నాన్న మేడమ్ అంది, లక్ష్మణుడు, ఈ పిల్లని చేర్పించడానికి వచ్చినప్పుడు మీసం మెలేసి నవ్విన మనిషి, ఇప్పుడు మీసం లేదు, తువ్వాలు తీసేక మూతి ఒక పక్కకి లాగేసి ఉంది, ఎడమకన్ను తెరిచింది తెరిచినట్టే ఉండి నీళ్ళు కారుస్తోంది.

వానల్లో జొరం వచ్చింది టీచరమ్మా, తగ్గింది, ఓనాడు పొద్దున్న లేసి నీళ్ళు పుక్కిలిస్తే సగం నీళ్ళు ఈ పక్కనించి కారిపోనాయి, ఏటిదని అద్దం సూస్తే నా మొకం నాది కాదు, ఆస్పత్రిలో బిళ్ళలిచ్చేరు, నరం వాసింది, మెల్లగా తగ్గుతాది, తగ్గకపోయినా బతికేస్తావులే అన్నారు, మాట బానే ఉంది, సెయ్యి బానే ఉంది, సీపురు బానే పడతన్నాను, మరేటి ఇబ్బంది అని దొర్కా అడిగింది, అడుగుతూనే ఆ తడి కన్ను చూడకుండా ఉండాలని బోర్డు వైపు చూసింది, లక్ష్మణుడు కూతురి వైపు చూసేడు, హాజరు మేడమ్ అంది అమ్మడు, కాంట్రాక్టరు కొత్తగా ఫోన్లో యాప్ పెట్టేడు, పొద్దున్న ఒకసారి మధ్యాహ్నం ఒకసారి ఫోను మొకం సూసి హాజరేస్తాది, మా నాన్నని ఒప్పుకోట్లేదు, ఊడిసిన రోజుల్లోనూ ఊడవనట్టే పడతంది, ఇలాగే ఉంటే పేరు కొట్టేసి ఇంకొకర్ని పెట్టుకుంటారంట, మీసం వల్లనేమోనని తీసేసేం, సబ్బుతో తోమేం, అయినా ఒప్పుకోట్లేదు, మీరు కంప్యూటర్ మేడమ్ కదా, మీరొచ్చి సెప్తే, అని ఆ పిల్ల అక్కడ ఆగిపోయింది, మీరొచ్చి చెప్తే అన్న ఆ నమ్మకం దొర్కాకి ఎండలో పెట్టిన ఇనప కుర్చీలా తగిలింది, కూర్చోడానికీ లేదు, వద్దనడానికీ లేదు, పాస్టరుగారు కూడా మైకు పాడైతే సిస్టర్ దొర్కాని పిలవండి అంటారు, పక్కింటి ఇందుమతిగారు మిక్సీ ఆగిపోతే తెస్తారు, కంప్యూటర్ నేర్పే మనిషికి తీగ ఉన్నదల్లా లొంగుతుందని ఊరందరికీ ఒక భ్రమ, ఇన్నేళ్ళూ ఆ భ్రమ ఆమెకి బాగానే ఉండేది కూడా.

క్లాసు చెప్పింది గానీ ఏం చెప్పిందో తెలీదు, లక్ష్మణుడు వెనక బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు, పిల్లలు అతని వైపు చూడకూడదని కళ్ళు దించుకుని అతన్నే చూస్తున్నారు, మధ్యాహ్నం హాజరు వేళకి ముగ్గురూ వార్డు షెడ్డు దగ్గరికి నడిచేరు, తోపుడుబళ్ళు, పచ్చ డబ్బాలు, తడి చెత్త వాసన, ఆడవాళ్ళు వరసలో నిలబడి ఒక్కొక్కరే సూపర్‌వైజర్ ఎత్తి పట్టుకున్న ఫోను ముందుకి వెళ్ళి, పాస్‌పోర్టు ఫోటోకిలాగ గడ్డం ఎత్తి, కళ్ళు ఆర్పి, టింగుమన్నాక అవతలికి వెళ్ళిపోతున్నారు, సూపర్‌వైజర్ సౌమ్యరంజన్ ఒడియా కుర్రాడు, దుర్మార్గుడైతే బావుండును అని దొర్కా ఆశపడింది, దుర్మార్గుడితో అయితే దెబ్బలాడొచ్చు, కానీ అతను లేచి నిలబడి నమస్కార్ మేడమ్ అన్నాడు, తన కుర్చీ తుడిచి ఇచ్చేడు, వచ్చీరాని తెలుగులో చెప్పుకొచ్చేడు, లక్ష్మణ్ భాయి మంచి పనివాడు మేడమ్, రోజూ వస్తాడు, నేను చూస్తాను, నా కళ్ళతో చూస్తాను, మరి నువ్వే హాజరు వెయ్యి బాబూ అంటే ఫోను ఆమె వైపు తిప్పి చూపించేడు, ఇక్కడ నాకు బటన్ లేదు మేడమ్, ఇంతకుముందు పెన్సిలుతో వేసేవాడిని, ఇప్పుడు నేను ఫోను పట్టుకుంటాను అంతే, హెబొ నాహి, కాదు మేడమ్, నాతో అవదు.

చూపించు అంది, లక్ష్మణుడు ఎదురుగా నిలబడ్డాడు, తెర మీద అతని మొహం చుట్టూ పచ్చ గీత గుండ్రంగా పడింది, అంటే గుర్తుపట్టింది, పేరు కూడా వచ్చింది, మూతి వంకరైనా మీసం పోయినా గుర్తుపట్టింది, దొర్కాకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, ఇంతలో ఫోను హిందీలో తియ్యగా అంది, రెండు కళ్ళూ ఆర్పండి, లక్ష్మణుడు ఆర్పేడు, కుడికన్ను మూసుకుంది, ఎడమది మూసుకోలేదు, మళ్ళీ అంది, మళ్ళీ ఆర్పేడు, మెడ నరాలు తేలేయి, బుగ్గ వణికింది, ఆ ఎడమకన్ను మాత్రం తనకేమీ పట్టనట్టు తెరుచుకునే ఉంది, నీళ్ళు కారేయి, పచ్చ గీత ఎర్రగా మారింది, దయచేసి బతికున్న మనిషిని కెమెరా ముందు నిలబెట్టండి.

బతికున్న మనిషిని, ఫోటో పెట్టి మోసం చేస్తారని ఎవరో ఎక్కడో కూర్చుని జాగ్రత్తపడ్డారు, ఫోటో కళ్ళార్పదు కదా, తెలివైన ఆలోచనే, తనే రాసినా అలాగే రాద్దునేమో, ఎడమకన్ను మూసుకుందా, అండ్, కుడికన్ను మూసుకుందా, రెండూ నిజమైతేనే మనిషి, ఆ అండ్ అక్కడ, గాజు కింద, ఆమెకి కనిపిస్తున్నంత స్పష్టంగా ఉంది, నిన్న తను సుద్దముక్కతో రాసి ఇంకా చెరపని మాట, దాన్ని ఆర్ చేస్తే చాలు, చిన్న మాట తీసి అంతకన్నా చిన్న మాట, ఒక కన్ను ఆర్పిన వాడూ బతికున్నట్టే, ఈ షెడ్డులో ఎవర్నడిగినా చెప్తారు, వేలు ఊరికే ఫోను అద్దం మీద పెట్టింది, అద్దం వెచ్చగా ఉంది, అంతే, తెర కింద ఉన్న హెల్ప్‌లైన్ నంబరుకి ఫోన్ చేసింది, ఇంగ్లీషుకి ఒకటి నొక్కండి హిందీకి రెండు నొక్కండి, పాట, మళ్ళీ నొక్కండి, పాట, సౌమ్యరంజన్ మంచినీళ్ళు తెచ్చేడు, మెయిల్ పెట్టింది, తప్పు ఎక్కడుందో ఎలా దిద్దాలో కూడా ఇంగ్లీషులో వివరంగా రాసింది, పంపిన మరుక్షణమే జవాబు వచ్చింది, మీ సూచనకి ధన్యవాదాలు, ఈ ఉత్తరానికి బదులివ్వకండి, తెలిస్తే ఏటి అని ఆమె బుర్రలో శరత్ బాబు మళ్ళీ చట్నీ వేసుకున్నాడు, కాంట్రాక్టరుకి సౌమ్యరంజన్ చేత ఫోన్ చేయించింది, మేడమ్, అది మా చేతిలోది కాదు, కంపెనీ వాళ్ళది, కంపెనీ ఎక్కడుంది, ఏమో మేడమ్, బెంగళూరో హైదరాబాదో, ఆయన గొంతులోనూ కోపం లేదు, ఎవరి గొంతులోనూ కోపం లేదు, అందరూ ఆమెకి మర్యాదగా సమాధానం చెప్తున్నారు, ఎవరి దగ్గరా బటన్ లేదు.

వెనక్కి తిరిగేసరికి అమ్మడు తండ్రిని షెడ్డు గోడ నీడలోకి లాక్కెళ్ళి నిలబెట్టింది, తన ఫోన్లో కెమెరా తెరిచి అతని మొహం ముందు పట్టుకుంది, బొటనవేలితో ఎడమరెప్పని కిందికి దింపుతోంది, వదిలితే పైకి పోతోంది, మళ్ళీ దింపుతోంది, లోపల కన్ను ఎర్రగా మండుతున్నట్టుంది, తండ్రి చిన్నపిల్లాడిలా గడ్డం అప్పజెప్పి నిలబడ్డాడు, మాలావు నొప్పెడతాందా అంటే నేదమ్మీ అన్నాడు, ఇలాగ సూడు నాన్నా, రాత్రీ పొద్దుటా ఇలాగ సెయ్యి, అలవాటవుతాది, యాపుని ఏటీ అనకు, దానికి తప్పుండదు, కంప్యూటరుకి తప్పన్నది తెల్దు, మనం ఇచ్చిందాంట్లోనే ఉంటాది తప్పు, ఎర్ర అక్షరాలొస్తే పెట్టెని తిట్టకుండా ముందు నిన్ను నువ్వు సూసుకో అని మా మేడమ్ మొదటి రోజే సెప్పేరు, నాకూ మొదట్లో అస్తమానూ ఎర్రగానే వచ్చీది, నేను సరిసేసుకున్నాను, నువ్వూ సేసుకుంటావు, లక్ష్మణుడు బుర్ర ఊపేడు, నిజవేనమ్మీ, నాదే తప్పు, అని దొర్కా వైపు తిరిగి సగం మూతితో నవ్వడానికి చూసి, మిమ్మల్ని ఎండలో తిప్పేసేను టీచరమ్మా, ఏటీ అనుకోకండి, నాను సరిసేసుకుంటాను అని దణ్ణం పెట్టేడు, సౌమ్యరంజన్‌కీ పెట్టేడు, అతని చేతిలో ఉన్న ఫోనుకే పెట్టినట్టుంది.

కాదు, అలా కాదు, అందామనుకుంది దొర్కా, నోరు తెరిచింది కూడా, తప్పు నీది కాదయ్యా, నీ మొహానిది కాదు, అది రాసినవాడిది, రాయించినవాడిది, బటన్ తీసేసినవాడిది, అయితే అలా అన్నాక తరవాత వాక్యం ఏమిటి, వాడెవడు మేడమ్, ఎక్కడుంటాడు, ఎలాగ అడగాలి, అని ఆ పిల్ల అడుగుతుంది, అడిగే పిల్లే, అప్పుడు ఏం చెప్పాలి, బోర్డు మీద ఏం రాయాలి, అమ్మడు తండ్రి రెప్ప మీద వేలు అలాగే ఉంచి తల తిప్పి ఆమె వైపు చూసింది, క్లాసులో కష్టమైన లెక్క తనంతట తనే చేసేసినప్పుడు చూస్తుందే, సరేనా మేడమ్, బాగా చేసేనా అని, ఆ చూపే, మెచ్చుకోలు కోసం మెరుస్తున్న ఆ రెండు కళ్ళని చూస్తూంటే దొర్కాకి అర్థమైంది, ఇన్నాళ్ళుగా ఈ పిల్లలకి యంత్రం లోపల ఏముందో నేర్పుతున్నాననుకుంది, వాళ్ళు నేర్చుకున్నది వేరు, యంత్రం కాదంటే తలొంచుకుని తమని తాము దిద్దుకోవడం, దాన్ని అందరికన్నా బాగా నేర్చుకున్న పిల్ల ఇప్పుడు తండ్రికి నేర్పుతోంది, ఆ పాఠాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఇంకో పాఠం ఉండాలి, అది ఆమెకెవరూ నేర్పలేదు.