బండ కింది పరుపు

బండ కింద పరచిన పరుపును మస్తాన్‌బీ కర్రతో బాదుతోంది. పొద్దుటినుంచీ ఎడమచెయ్యి ఒకటే లాగడం. గ్యాసేలే అనుకుని మరో నాలుగు దెబ్బలు వేసింది. ఒంగోలు పార్కులో ఊడ్చే పనికి కుదిరి ఏళ్లయినా, దూదేకే ఇంట పుట్టిన మనిషి; పరుపు గట్టిపడితే ఊరుకోదు.

పార్కు వేసేటప్పుడు పగలగొట్టలేక వదిలేసిన బండ అది. రెండు నిలువుల ఎత్తు. తాడూ గీడూ లేకుండా దాన్నెక్కడం పక్కవీధి పిల్ల శ్రీరమ్యకి పిచ్చి. పడితే సిమెంటు బాటే! ఒకసారి ఆ పిల్ల మోచెయ్యి చెక్కుకుపోయి ఏడుస్తుంటే చూడలేక, మస్తాన్‌బీ తన మంచం మీది పరుపు విప్పి, ఆ దూదితో ఇది కుట్టింది. అటూ ఇటూ లాగడానికి మూలలకి గుడ్డ చెవులు పెట్టింది. తను చాప మీద పడుకుంటోంది. ఎవరు చెప్పగలరమ్మా ఈవిడకి!

శ్రీరమ్య మిరపకాయల తొడిమలు తీసే పని ముగించుకుని నేరుగా వచ్చింది.

"చేతులు కడిగావటే?"

"కడిగాలే పిన్నీ. ఇవాళ పైకెక్కి తీరతా."

కడగలేదు. తడి చేతులు జారతాయని మట్టితో రుద్దుకుంది.

పైఅంచు ఇంకా చెయ్యెత్తు దూరం ఉండగా చెమట కంట్లోకి దిగింది. పిల్ల చేత్తో తుడుచుకుంది.

"అమ్మో! మంట! పిన్నీ, ఏం కనపళ్లా!"

కాలికి పట్టు వెతుక్కుంటూ పక్కకి జరిగిపోయింది. ఇప్పుడు కింద పరుపు లేదు, బాట ఉంది. మిట్టమధ్యాహ్నం, పార్కులో నరమానవుడు లేడు.

"వదలమాక! నే చెప్పిందాకా వదలమాక!"

మస్తాన్‌బీ పరుపు చెవి పట్టి లాగింది. జానెడు కదిలింది. గుండెల మీద రోలు పెట్టినట్టుంది. కూర్చుంటే తగ్గుతుందేమో. కూర్చుంటే పిల్ల?

"జారిపోతున్నా పిన్నీ!"

"ఆగవే తల్లీ, ఆగు..." యా అల్లా, ఈ ఒక్కసారి. రెండు చేతులా, ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది.

"ఇంక వదిలెయ్! కిందే ఉంది!"

శ్రీరమ్య పరుపు మధ్యలో ధబ్బున పడింది. ఒక్క దెబ్బ తగల్లేదు. హమ్మయ్య అనుకుంటూ మస్తాన్‌బీ బండకి చేరగిలబడింది.

"బతికించావు పిన్నీ! కాసిని నీళ్లియ్యవా?"

నీళ్లకే వెళ్లిందనుకుని పిల్ల కళ్లు మూసుకునే నవ్వింది. కాసేపాగి, "చేతులు కడగలా పిన్నీ. అబద్ధమాడా. తిట్టు," అంది.

ఎంతసేపటికీ తిట్టు రాలేదు. మంట తగ్గి కళ్లు తెరిస్తే, మస్తాన్‌బీ పక్కనే ఉంది, తల ఓ వైపుకి వాలి. శ్రీరమ్య కుదిపింది, పిలిచింది, భోరుమంది. ఆమె ఊపిరి ఎప్పుడో ఆగిపోయింది.

సాయంత్రం ఆమెను తీసుకెళ్లారు. బండ కింద పరుపు మిగిలింది. మధ్యలో పిల్ల పడిన గుంట, ఓ మూల కుట్లు తెగి సగం ఊడిన గుడ్డ చెవి.