కనిపించని బటన్

నేను ఒక వెబ్ బ్రౌజర్‌ని. ఇంటర్నెట్‌లోని పేజీలు తెరిచి చూపించడం నా పని. మీరు నన్ను మరిచిపోయి ఏళ్లయింది, తెలుసులెండి. ఇప్పుడు నా మకాం మార్కాపురం బస్టాండు ఎదుట, జిలానీ ఇంటర్నెట్ సెంటర్‌లో రెండో కంప్యూటర్ చెత్తబుట్ట.

పేజీని ఎలా చూపించాలో అన్ని బ్రౌజర్లకూ ఒకే నియమాలు ఉండాలని పెద్దలు కూర్చుని రాసుకున్నారు. నన్ను తయారుచేసినవాళ్లు విన్నారా? అబ్బే! లోకమంతా మనదే వాడుతోంది, మనం ఆడిందే ఆట అనుకున్నారు. పేజీలు రాసేవాళ్లూ నా వంకరకు తగ్గట్టే వంకరగా రాశారు. ఆసుపత్రి ఉద్యోగాల బోర్డు సైటయితే నాలో తప్ప ఎక్కడా సరిగ్గా తెరుచుకునేది కాదు. అందుకే సెంటర్ నడిపే జిలానీ మానిటర్ అంచున 'బోర్డు ఫారాలకు పాతదే' అని చీటీ అంటించాడు. అది చూసుకుని ఎంత మురిసిపోయానో! సిగ్గులేని జన్మ.

మొన్న హైమావతి వచ్చింది. పదహారేళ్లుగా కాంట్రాక్టు నర్సు. పర్మనెంటు ఉద్యోగానికి దరఖాస్తు గడువు ఆ సాయంత్రం అయిదింటికి.

"డ్యూటీ దిగి ఇటే వస్తన్నా తమ్ముడూ. ఈసారి తప్పితే వయసు దాటిపోద్ది. నాకిదే ఆఖరు," అంది.

జిలానీ అలవాటుగా నన్నే తెరిచాడు. బోర్డువాళ్లు సైటును నియమాల ప్రకారం తిరగరాశారని అతనికెవరు చెప్పారు? ఫారమంతా జాగ్రత్తగా నింపాడు. కింద 'సమర్పించు' బటన్ ఉండాల్సిన చోట నేను తెల్లటి ఖాళీ చూపించాను. ఆ కొత్త రాత నాకు చదవడం రాదు మరి.

"సర్వర్ బిజీగా ఉన్నట్టుందక్కా, ఆగు," అన్నాడు.

మన దగ్గర ఏ పని ఆగినా పాపం సర్వర్ మీదికే పోతుంది. పేజీని మూసి, తెరిచి, మళ్లీ నింపాడు. నా పక్కనే కొత్త బ్రౌజర్ ఉంది, దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు. చీటీ మీది నమ్మకం అతన్ని అటు చూడనివ్వలేదు. అరుద్దామంటే నాకు నోరేదీ? అయిదయింది. గడువు ముగిసిందన్న మాటను మాత్రం శుభ్రంగా చూపించాను.

"నువ్వేం చేస్తావులే, నా రాత. చివరిదాకా కష్టపడ్డావు," అని హైమావతి అతని భుజం తట్టి వెళ్లిపోయింది.

మర్నాడు అదే బోర్డు సైటులో ఫార్మసిస్టు ఫారం నింపడానికి వచ్చినతను, "కొత్తదాంట్లో చూడన్నా," అన్నాడు. చూస్తే బటన్ నిక్షేపంగా ఉంది. జిలానీ మొహం పాలిపోయింది. హైమావతికి ఫోన్ చేయబోయి, పెట్టేశాడు. ఇక ఎప్పటికీ చెప్పడు. చీటీ పీకి ఉండచుట్టి, కోపమంతా నా మీద చూపించాడు.

'నిజంగానే తొలగించాలా?' అని కంప్యూటర్ అడిగింది. కింద 'అవును' అనే బటన్.

అది మాత్రం ఎంత స్పష్టంగా కనిపించిందో!