తుంటిలో విరిగిన మర

జ్వరం దిగితే రోగం దిగినట్టేనని లోకం నమ్ముతుంది. పైపుల మేస్త్రీ కూడా అలాగే నమ్మాడు. తమ్ముడి రక్తంలో బాక్టీరియా చేరిందని ఆసుపత్రివాళ్లు మందు ఎక్కించారు. నిన్నటి నుంచి జ్వరం జాడ లేదు. అలాంటిది ఇవాళ సర్జన్ వచ్చి, పొట్టలోని పెద్ద ధమని గోడను ఆ బాక్టీరియా తినేసిందనీ, అది ఉబ్బి పగిలేలా ఉందనీ, వెంటనే కోయాలనీ అంటోంది.

"నొప్పి నడుములో, కోత పొట్టలోనా డాక్టరమ్మా?"

"ఆ నాళం వెన్నెముకను ఆనుకునే ఉంటుందండీ."

"జ్వరం దిగిందిగా?"

"మందు రక్తాన్ని శుభ్రం చేస్తుంది. పాడైన గోడను తిరిగి కట్టదు."

"పోనీ, పైన పట్టీ వేసి బిగించరాదూ?"

"పట్టీ ఆగడానికి గోడ గట్టిగా ఉండాలి కదా."

ఏ జవాబుకూ ఆమె తడుముకోలేదు. అదే మేస్త్రీకి నచ్చలేదు. అతని దగ్గర పనివాళ్లు తప్పు కప్పిపుచ్చేటప్పుడే ఇంత నున్నగా మాట్లాడతారు. పొద్దున స్కాన్ గది ముందు స్ట్రెచర్లు బారులు తీరి ఉన్నాయి. ఒకరి బొమ్మ ఇంకొకరికి అంటగట్టారేమో.

"మీరు ఊ అనండి బావగారూ," అంది మరదలు, చీర కొంగు నలుపుతూ.

తమ్ముడు మూలుగుతూనే నవ్వాడు. "అన్నయ్య సరేనంటేనే సంతకం పెడతాను. కాకపోతే ఆయన ఒక్క కుళాయి కొనడానికి ఊళ్లో కొట్లన్నీ తిరుగుతాడు డాక్టరమ్మా."

మేస్త్రీకి ఒకటి తట్టింది. వెనకటికి నిచ్చెన మీంచి పడ్డప్పుడు తమ్ముడి తుంటి ఎముకకు స్టీలు మరలు బిగించారు. తరవాత తీస్తుంటే ఒకటి విరిగి, కొన లోపలే ఉండిపోయింది. ఆ సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు.

"ఆ బొమ్మ చూపించండి. పొట్ట కాదు, కుడి తుంటి."

సర్జన్ వింతగా చూసి, తెర మీద బొమ్మను కిందికి జరిపింది. కుడి తుంటిలో తెల్లగా, ఏటవాలుగా, తల లేని మర కనిపించింది.

బొమ్మ తమ్ముడిదే. "ఇప్పుడు పైకి జరపండి."

వెన్నెముక ముందు నాళం ఒక పక్కకి నిమ్మకాయంత పొంగి ఉంది.

"పెట్టరా సంతకం."

"దొరికిందా కుళాయి?" అన్నాడు తమ్ముడు, కలం అందుకుంటూ.

థియేటరులో రక్తం ఆపే బిగింపు పడకముందే ఆ గోడ చిట్లింది. సర్జన్ వేలితో అదిమి పట్టి, పైన బిగించి, కుళ్లిన భాగాన్ని కోసి తీసి, దాత ధమని ముక్కను అక్కడ కుట్టింది. తీసిన గోడను ల్యాబ్‌కు పంపితే, అందులోనూ రక్తంలో దొరికిన బాక్టీరియాయే పెరిగింది. మందులు వారాల తరబడి సాగాయి. రక్తం అందక ఎడమ పాదానికి చిటికెన వేలు తీసేయవలసి వచ్చింది. రోగి బతికాడు.